రొయ్యల గుంటకు వనేడియం బ్యాటరీ: ఆ మెంబ్రేన్‌కు అంత రేటు ఎందుకు?

అల్లూరు రైతు:
అల్లూరు దగ్గర మాకు వెనామీ గుంటలున్నాయి. నీళ్లకు గాలి పట్టించే 2 హెచ్‌పీ ఏరియేటర్లు ఎనిమిది తిరగాలి. తెల్లవారుజామున కరెంటు పోయిందంటే టెన్షన్ అంతా ఇంతా కాదు, డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోయి రొయ్య పైకి తేలేస్తుంది. ఇప్పటికి డీజిల్ జనరేటరే దిక్కు. పగటి సోలార్ కరెంటును రాత్రికి దాచుకోవాలని చూస్తున్నా. ఒకాయన వనేడియం ఫ్లో బ్యాటరీకి కొటేషన్ ఇచ్చాడు. అందులో మెంబ్రేన్ అని విడిగా ఒక లైను, రేటు చూస్తే కళ్లు తిరిగాయి. పల్చటి ప్లాస్టిక్ కాగితానికి అంతా? ఇంకొకాయన కరెంటుతో నీళ్లను విడగొట్టి హైడ్రోజన్‌గా దాచుకోమంటున్నాడు. పక్కనే ఉప్పుకాలవ ఉంది, ఆ నీళ్లే పోస్తే సరిపోదా?

కావలి సోలార్:
అన్నా, ఏది పెట్టినా జనరేటర్ మాత్రం తీయొద్దు. మబ్బు పట్టిన రోజుల్లో అదే కాపాడుతుంది.

కనిగిరి అబ్బాయి:
అన్నా, మాది కనిగిరి. చెన్నైలో ఫ్యూయల్ సెల్ ల్యాబులో ఈ మెంబ్రేన్ల మీదే నా పని. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ఇన్వర్టర్ బ్యాటరీలో ప్లేట్ల మధ్య ఉండే సెపరేటర్ పని ప్లేట్లు తగలకుండా చూడటమే. యాసిడ్‌లో ఏదున్నా దాని గుండా పోతుంది. ఫ్లో బ్యాటరీ సంగతి అలా కాదు. అందులో కరెంటు రెండు ట్యాంకుల ద్రావణాల్లో దాగుతుంది, వాటి మధ్య అడ్డం ఈ మెంబ్రేన్. రెండు ట్యాంకుల్లోనూ వనేడియం అనే లోహమే, కానీ ఒక్కోదానిలో ఒక్కో స్థితిలో ఉంటుంది. అవి కలిస్తే దాచిన కరెంటు వేడిగా పోతుంది. అట్లని పూర్తిగా అడ్డం కట్టేస్తే సర్క్యూటే పూర్తి కాదు. హైడ్రోజన్ అయాన్ (దాన్నే ప్రోటాన్ అంటాం) దాటాలి, వనేడియం ఆగాలి. మీరు డబ్బు పెడుతున్నది ఆ ఎంపికకే.

ఎక్కువగా వాడేది నాఫియాన్ అనే మెంబ్రేన్. 1960లలో డ్యూపాంట్ కంపెనీలో పుట్టింది, పెద్ద ఎత్తున వాడింది ముందు కాస్టిక్ సోడా ఫ్యాక్టరీల్లో. టెఫ్లాన్ లాంటి గొలుసుకు సల్ఫానిక్ ఆమ్లపు కొసలు వేలాడుతుంటాయి. తడి తగిలితే ఆ కొసల చుట్టూ నీళ్లు చేరి నానోమీటర్ల సైజు దారులు ఏర్పడతాయి. ప్రోటాన్ ఆ నీటిలో ఒక అణువు నుంచి ఇంకోదానికి మారుతూ దాటుతుంది. పొడి ముక్కను చేత్తో పట్టుకుంటే గరగరలాడుతుంది. నీళ్లలో వేయగానే చుట్టుకుపోయి, కాసేపటికి మెత్తబడి, కొలతలో కూడా పెరుగుతుంది. గ్లవ్స్ లేకుండా మేం ముట్టం. సూదిమొన అంత చిల్లు పడినా ఆ ముక్క పక్కన పెట్టాల్సిందే.

నాఫియాన్ 117 మందం 183 మైక్రాన్లు, 212 అయితే 51. పల్చగా ఉంటే కరెంటు తేలిగ్గా పోతుంది, వనేడియం కూడా ఎక్కువ జారిపోతుంది. ఫ్లోరిన్ కెమిస్ట్రీ ఖరీదైంది, తయారుచేసేవాళ్లూ తక్కువ, అదే రేటుకు కారణం. ఒక మంచి సంగతి ఉంది. రెండు పక్కలా వనేడియమే కాబట్టి జారింది ద్రావణాన్ని పాడుచేయదు, మళ్లీ సరిచేసుకోవచ్చు. 1980లలో సిడ్నీలో మరియా స్కైలస్-కజాకోస్ బృందం ఈ బ్యాటరీని తయారుచేసింది ఆ ధీమాతోనే.

ఇక మీ లెక్క. ఎనిమిది ఏరియేటర్లంటే దాదాపు 12 కిలోవాట్లు, నాలుగు గంటలకు 48 యూనిట్లు. లీటరు ద్రావణంలో 20 వాట్-అవర్లు నిలుస్తాయనుకున్నా 2,400 లీటర్లు కావాలి. అదంతా సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో చేసిన ద్రావణం, గుంట గట్టున పెడతారు. లీకైతే ఆపే తొట్టి కట్టకుండా ఒప్పుకోకండి. అంతకంటే నన్ను భయపెట్టేది రోహిణి కార్తె. ఛార్జయిన ద్రావణం 40 డిగ్రీలు దాటి అలాగే ఉంటే వనేడియం ఆక్సైడ్‌గా గడ్డకట్టి దారులు పూడుస్తుంది. నెల్లూరు ఎండలకు కూలింగ్ లేకుండా కుదరదు, దానికీ కరెంటే. నా మాట వింటే ఈ సైజుకు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ చాలు. ఫ్లో బ్యాటరీ ఇంకా పెద్ద చోట్లకు బాగుంటుంది.

ఇక హైడ్రోజన్. నీళ్లను విడగొట్టే ఎలక్ట్రోలైజర్‌లోనూ ఇలాంటి మెంబ్రేనే ఉంటుంది. ఉప్పుకాలవ నీళ్లు అస్సలు వద్దు. కాల్షియం, మెగ్నీషియం ఆ సల్ఫానిక్ కొసలను పట్టుకుని వదలవు, ప్రోటాన్‌కు చోటుండదు, వోల్టేజి ఎక్కిపోతుంది. పైగా క్లోరిన్ వస్తుంది. మెంబ్రేన్ ఎలక్ట్రోలైజర్‌కు నీటి వాహకత సెంటీమీటరుకు 1 మైక్రోసీమెన్స్ లోపుండాలి. టీడీఎస్ 50 ఉన్న క్యాను నీళ్లకే అది వంద దగ్గరుంటుంది. ఆ నీళ్లు దొరికినా, హైడ్రోజన్‌గా దాచి తిరిగి తీస్తే పెట్టిన కరెంటులో మూడో వంతు చేతికొస్తే గొప్ప.

పామూరు టీచర్:
మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది బాబూ. ఈ మెంబ్రేన్లతో అది తీయొచ్చా?

కనిగిరి అబ్బాయి:
తీయొచ్చు మేష్టారూ, దాన్ని ఎలక్ట్రోడయాలిసిస్ అంటారు. ధన అయాన్లను పంపే మెంబ్రేన్, రుణ అయాన్లను పంపే మెంబ్రేన్ ఒకదాని తర్వాత ఒకటి పేర్చి కరెంటు పెడతారు. ఫ్లోరైడ్ రుణ అయాన్ కాబట్టి కరెంటు లాగితే పక్క గదిలోకి పోతుంది. భావ్‌నగర్‌లోని సీఎస్‌ఎంసీఆర్‌ఐ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఇలాంటి మెంబ్రేన్ల మీద ఎంతోకాలంగా పనిచేస్తోంది. మెంబ్రేన్ దాటలేని సూక్ష్మజీవులు మాత్రం నీటిలోనే ఉండిపోతాయి, వాటిని విడిగా చంపాలి.

అల్లూరు రైతు:
అర్థమైంది తమ్ముడూ. కొటేషన్ ఇచ్చినాయన మళ్లీ వస్తానన్నాడు, ఏం అడగమంటావు?

కనిగిరి అబ్బాయి:
మెంబ్రేన్ ఏ రకం, మందమెంత, ఎన్నేళ్ల గ్యారంటీ, మార్చే ఖర్చు ఎవరిది అన్నవి కాగితం మీద రాయించుకోండి. మే నెల మధ్యాహ్నం ట్యాంకులో ఉష్ణోగ్రత ఎంతుంటుందో కూడా రాసిమ్మనండి. దానికి నోరు మెదపకపోతే అడ్వాన్సు ఇవ్వొద్దు.