పాత జీ-షాక్ 5600సీ కొనాలా వద్దా? పాత డిజిటల్ వాచీలు వాడినోళ్లు చెప్పండ్రి

వరంగల్_వాచీలు:
అందరికీ నమస్తే. కాసియోవాళ్ల జీ-షాక్ డీడబ్ల్యూ-5600సీ ఒకటి అమ్మకానికి చూసిన, నల్లది, చదరం మొఖం. అమ్మేటాయన 1980ల చివర్లది, జపాన్‌ల తయారైందే అంటున్నడు. ఫొటోలల్ల టైమ్ మంచిగనే కనపడుతున్నది గానీ పైన మొఖం చుట్టు ఉండే ప్లాస్టిక్ బెజెల్ మీద సన్నగ పగుళ్లున్నయి. పన్నెండు వేలు చెప్పిండు. ఆ పైసలకు కొత్త 5600 వచ్చి ఇంకా మిగులుతయి గూడ, ఇంట్లో అందరు అదే అంటున్నరు. నాకైతే పాతదాని మీదనే మనసున్నది, అల్మారల పెట్టుటానికి కాదు, రోజు చేతికే పెట్టుకుంట. ఇసొంటివి కొన్నోళ్లు ఏం చూసి కొన్నరు, అమ్మేటాయనను ఏం అడగాలె, జర చెప్పండ్రి.

సెల్లు_మార్చేవాణ్ణి:
ముందు వెనక మూత ఫొటో అడగండి బాబూ, మిగతావన్నీ తర్వాత. 5600సీ అయితే మూత మొత్తం గుండ్రంగా, తిప్పి బిగించేది. నాలుగు మూలలా నాలుగు స్క్రూలు కనపడితే అది 1996లో మొదలైన 5600ఈ, అదీ మంచి వాచీనే గానీ దాన్ని పాతదని చెప్పి ఎక్కువ అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. మూత మీద మోడల్ పేరు దగ్గరే చిన్న గడిలో మాడ్యూల్ నంబరు, అంటే లోపలి మిషన్ నంబరు ఉంటది, 5600సీలో 691 గానీ 901 గానీ ఉండాలి. లైటు కూడా వేసి చూపించమనండి, సీలో పక్కనుంచి బుల్లి బల్బు వెలిగి ఒక వైపే కనపడుద్ది, 5600ఈలో తెర మొత్తం వెలుగుద్ది.

కాకినాడ_గాలి:
బెజెల్ గురించి నేను చెప్తానండి, మా సముద్రం పక్కన ఇది అందరికీ తెలిసిన బాధే. ఆ ప్లాస్టిక్ పాలీయురెథేన్ అనే రెసిన్, ఏళ్ల తరబడి తేమ, వేడి, చెమట పడితే లోపల బంధాలు తెగిపోయి ముందు జిగటగా తయారవుద్ది లేకపోతే పెళుసెక్కి పొడిపొడిగా రాలిపోద్ది. సన్నగా పగుళ్లు మొదలయ్యాయి అంటున్నారు కాబట్టి ఇంకెంతో కాలం ఆగదు, రోజూ పెట్టుకుంటే ఇంకా తొందరగా పోద్ది, జిగురు పెట్టి అతికిద్దాం అనుకోకండి, పక్కన ఇంకోచోట విరుగుద్ది. కానీ దాన్ని చూసి వాచీ వదిలేసుకోవక్కర్లేదు, 5600సీకి లోపల ఒళ్లంతా స్టీలు, బెజెల్ రాలిపోయినా వాచీ నడుస్తానే ఉంటది. అసలు కంపెనీవాళ్ల బెజెల్ ఈ మోడల్‌కి దొరకడం చాలా కష్టం, దొరికితే వాచీకి చెప్పినంత రేటు చెప్తారు. బయటవాళ్లు చేసినవి తక్కువకే వస్తాయి, అక్షరాల రంగు కొంచెం తేడాగా ఉంటది అంతే. మీరు ధర మాట్లాడేటప్పుడు ఆ బెజెల్ విలువ సున్నా అనుకుని మాట్లాడండి.

బెజెల్ మారిస్తే ఒరిజినల్ కాదు అని కొంతమంది గోల పెడతారు, నేను ఒప్పుకోను. కాసియో ఇంజనీరు కికువో ఇబే గారు ఈ జీ-షాక్ మొదలుపెట్టిందే వాళ్ల నాన్నగారిచ్చిన వాచీ కిందపడి పగిలిపోయింది కాబట్టి, 10 మీటర్ల ఎత్తు నుంచి పడ్డా, 10 బార్ల నీటి ఒత్తిడి ఉన్నా తట్టుకోవాలి, సెల్లు 10 ఏళ్లు రావాలి అని పెట్టుకున్నారు, 1983లో డీడబ్ల్యూ-5000సీ వచ్చింది. దెబ్బ తను తిని లోపలి మిషన్ని కాపాడ్డానికే ఆ బెజెల్ పెట్టారు. అరిగిపోయాక మార్చుకోవడంలో తప్పేముందండీ.

డాలస్_తెలుగోణ్ణి:
నాది వేరే అనుభవం, ఎల్ఈడీ వాచీతో, కానీ రోజూ పెట్టుకుంటా అన్నావు కాబట్టి చెప్తున్నా అన్నా. హామిల్టన్‌వాళ్ల పల్సర్ పీ2 ఇక్కడ ఒక ఎస్టేట్ సేల్‌లో దొరికింది, ఎర్ర అంకెలది. మొట్టమొదట అమ్మకానికొచ్చిన డిజిటల్ వాచీ పల్సరే, 1972లో, బంగారంతో చేసి 2,100 డాలర్లకి అమ్మారు, పీ2 దాని తర్వాతది. చీకట్లో ఆ అంకెలు వెలిగితే చూస్తూ కూర్చోవాలనిపిస్తుంది, అంత బాగుంటాయి. కానీ ఎల్ఈడీ కరెంటు బాగా తాగుతుంది కాబట్టి బటన్ నొక్కితేనే టైమ్ కనపడేలా చేశారు, అంటే టైమ్ చూడాలంటే రెండు చేతులూ కావాలి, డ్రైవింగ్‌లో కుదరదు, చేతిలో సంచులుంటే కుదరదు, మిట్టమధ్యాహ్నం ఎండలో అయితే నొక్కినా కనపడదు. 1973లో సీకోవాళ్లు బటన్ నొక్కకుండానే ఎప్పుడూ టైమ్ కనపడే ఆరంకెల ఎల్‌సీడీ వాచీ తెచ్చాక, 1976లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌వాళ్లు ప్లాస్టిక్ ఎల్ఈడీ వాచీ 20 డాలర్లకే అమ్మేశాక ఈ ఖరీదైన ఎల్ఈడీల పని అయిపోయింది. నా పీ2 పండగలకే బయటికొస్తుంది. రోజూ వాడటానికైతే ఎల్‌సీడీనే, ఆ విషయంలో నువ్వు చూసింది సరైనదే. పాత రూపం కావాలి, రిపేర్ల బాధ వద్దు అనుకునేవాళ్లకి కంపెనీలే మళ్లీ చేస్తున్నాయి కూడా, పల్సర్ రూపంలోనే హామిల్టన్ పీఎస్ఆర్ 2020లో వచ్చింది, కాసియోవాళ్లు డీడబ్ల్యూ-5000సీ రూపంలోనే 5000ఆర్ అని 2024లో తెచ్చారు, తిప్పి బిగించే స్టీలు మూతతో. అదొకసారి చూడు.

లెక్కల_మాస్టారు:
నా సలహా వేరు. నెలకి అటూ ఇటూగా 30 సెకన్ల తేడాతో టైమ్ చూపించడానికి కాసియో ఎఫ్-91డబ్ల్యూ చాలు. 1989 నుంచి ఇప్పటిదాకా అదే రూపంలో వస్తోంది, కాబట్టి కొత్తది కొన్నా పాత వాచీ పెట్టుకున్నట్టే, సెల్లు ఏడేళ్లు వస్తుంది, పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. ఏ డిజిటల్ వాచీలో అయినా ఉండేది సెకనుకి 32,768 సార్లు కంపించే క్వార్ట్‌జ్ ముక్కే కదా, పన్నెండు వేలు పెట్టినంత మాత్రాన అది ఇంకోలా కంపించదు. అయితే ఎఫ్-91కి నకిలీలు విపరీతం. కుడివైపు బటన్ మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే తెర మీద కాసియో అని రావాలి, రాకపోతే నకిలీ. వచ్చినా అదొక్కటే చూసి నమ్మొద్దు, ఈమధ్య నకిలీలు కూడా ఆ పేరు చూపిస్తున్నాయి. మంచి షాపులో బిల్లుతో కొనుక్కోండి.

నిజామాబాద్_ఆడబిడ్డ:
మాస్టారు గారూ, టైమ్ కోసమే అయితే ఫోన్ సాలు గదా, ఈ చర్చనే అవసరం లేదు. మా నాయిన కువైట్ నుంచి తెచ్చుకున్న కాసియో డేటాబ్యాంక్ మా దగ్గర ఉన్నది, ఫోన్ నంబర్లు దాచుకునేది. దాంట్ల మా ఊరోళ్ల పాత ల్యాండ్‌లైన్ నంబర్లు, ఆయన చేతుల నొక్కి ఎక్కిచ్చినయి, ఇంక అట్లనే ఉన్నయి. సెల్లు తీసిన్రంటే ఆ నంబర్లన్నీ పోతయి, అందుకే నేను ముందుగాల ఒక్కొక్కటి తెర మీదికి తెచ్చుకుంట నోటుబుక్కుల రాసుకున్న, ఫొటోలు గూడ తీసుకున్న, అప్పుడే షాపాయన చేతికిచ్చిన. ఇంట్ల ఇసొంటి వాచీలున్నోళ్లు సెల్లు మార్పిచ్చే ముందు తప్పకుండ ఇట్ల చెయ్యున్రి. కొత్త వాచీల ఆ నంబర్లు యాడికెళ్లి వస్తయి?

వరంగల్ తమ్మీ, నీకు మనసున్నదంటే కొనుక్కో, గని మంచిగ చూసి కొనుక్కో.

సెల్లు_మార్చేవాణ్ణి:
ఇప్పుడు అసలు సంగతి చెప్తా, కొంచెం పెద్దదైనా చదవండి. పాత డిజిటల్ వాచీలో బెజెల్, బెల్టు, సెల్లు, బటన్లు అన్నిటికీ ఏదో ఒక దారి ఉంటది, ఒక్క గాజు తెరకే దారి లేదు. ఎల్‌సీడీ అంటే రెండు గాజు పలకల మధ్య ద్రవం పోసి అంచు మూసేసింది. ఆ అంచు ఎక్కడన్నా చిట్లి గాలి దూరిందంటే నల్లటి మచ్చ మొదలై పాకుద్ది, అది తుడిస్తే పోయేది కాదు, ఇంకో చచ్చిన వాచీలోది తీసి పెట్టాల్సిందే. కాబట్టి తెర అంచుల్లో ఆవగింజంత మచ్చ కనపడ్డా కొనొద్దు, ఎంత తక్కువకిచ్చినా సరే. అదే తెర మొత్తం పసుపుగానో గోధుమ రంగులోనో మారి అంకెలు వెలిసిపోయినట్టుంటే మాత్రం భయపడక్కర్లేదు, అది గాజుకి అతికించిన పోలరైజర్ పొర పాడైంది, ఓపికున్నవాడు పాత పొర ఒలిచేసి కొత్తది కత్తిరించి పెట్టగలడు. ఈ రెండిటికీ తేడా తెలియక మంచి వాచీ వదిలేసినోళ్లు ఉన్నారు, చచ్చినదాన్ని కొన్నోళ్లూ ఉన్నారు.

అంకెల్లో ఏ గీతైనా రావట్లేదేమో చూడాలంటే ఫొటో చాలదు, టైమ్‌ని బట్టి ఆ గీత అక్కర్లేకపోవచ్చు. స్టాప్‌వాచ్ ఆన్ చేసి రెండు నిమిషాలు ఆపకుండా వీడియో తీయమనండి, ఎనిమిది వచ్చినప్పుడల్లా ఏడు గీతలూ కనపడాలి. నిమిషాలు, గంటల గళ్లు స్టాప్‌వాచ్‌లో అంత త్వరగా తిరగవు కాబట్టి టైమ్ సెట్ చేసే దాంట్లోకి పోయి వాటిని కూడా చివరిదాకా తిప్పి చూపించమనండి. ఒక గీత వచ్చీ రానట్టుంటే చాలాసార్లు తెర తప్పు కాదు, తెరకీ బోర్డుకీ మధ్య గీతల రబ్బరు పట్టీ ఉంటది, మేం జీబ్రా అంటాం, దానికి మురికి పట్టుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పెడితే చాలావరకు లేచొస్తది.

తర్వాత మూత విప్పి లోపలి ఫొటో అడగండి. సెల్లు కారి పచ్చగా గానీ తెల్లగా గానీ పొక్కులొచ్చాయా చూడాలి. రేకు మీద మాత్రమే ఉంటే శుభ్రం చేసుకోవచ్చు, బోర్డు గీతల మీదికి పాకితే వదిలెయ్యండి. అలారం మోగకపోతే కూడా కంగారొద్దు, మిషన్ మీద నిలబడే సన్నటి స్ప్రింగు ఒకటి మూతకి తగులుద్ది, సెల్లు మార్చేటప్పుడు ఎగిరి పోతే ఎవరూ వెతకరు, అది పెడితే మళ్లీ బీప్ వస్తది. ఎవరో సెల్లు వేసి పని చేయట్లేదని పక్కన పడేసినవాటిల్లో కూడా బతికున్నవి చాలా ఉంటాయి, కొత్త సెల్లు వేశాక ఏసీ అని రాసున్న చోటునీ సెల్లు ప్లస్ వైపునీ పట్టకారుతో ఒక్క క్షణం కలపాలి, అప్పుడే మెమరీ కడుక్కుని మొదటినుంచి మొదలవుద్ది.

నీళ్ల సంగతి. మూత మీద 200 మీటర్లని రాసుందని నమ్మి ఈతకి వెళ్లొద్దు. ఆ మాట కొత్త వాషర్ ఉన్నప్పటిది, ముప్పయ్యేళ్ల నాటి రబ్బరు గట్టిపడిపోయి ఉంటది.

వరంగల్_వాచీలు:
చాలా థాంక్స్ గారూ, ఇంత ఇవరంగ ఎవ్వరు చెప్పరు. వెనక మూత ఫొటో వచ్చింది, తిప్పి బిగించేదే, 901 అని ఉన్నది. మిగిలిన వీడియోలు అడిగిన. ఇంకో డౌటు, పాతవాటిల్ల క్యాలెండర్ ఒక సంవత్సరం దాటినంక పనిచెయ్యదంటరు, నిజమేనా?

లెక్కల_మాస్టారు:
నిజమే, కొన్నిటిలో సంవత్సరం ఒక హద్దు దాటి ముందుకి వెళ్లదు. దానికి ఉపాయం ఉంది. 2099 దాకా ప్రతి 28 ఏళ్లకి క్యాలెండర్ అచ్చంగా అదే తిరిగొస్తుంది, వారాలూ అవే, లీపు సంవత్సరాలూ అవే. 2026కి బదులు 1998 అని పెట్టుకోండి, తేదీ, వారం రెండూ సరిగ్గా వస్తాయి. తెర మీద సంవత్సరం ఎలాగూ కనపడదు కాబట్టి తేడా తెలియదు. సంవత్సరమే దాచుకోని మోడల్స్ కూడా ఉన్నాయి, ఎఫ్-91 అలాంటిదే, ఫిబ్రవరి ఎప్పుడూ 28 రోజులే అనుకుంటుంది, లీపు సంవత్సరంలో చేత్తో దిద్దుకోవాలి.

ఆడబిడ్డ గారూ, మీ నాన్నగారి వాచీ సంగతి చదివాను. అలాంటిది ఎన్ని వేలైనా బాగు చేయించుకోవాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. మనది కానిదాన్ని అంత ఖరీదు పెట్టి కొనడం గురించే నా అభ్యంతరం.

వరంగల్_వాచీలు:
వీడియోలు వచ్చినయి. అన్ని అంకెలు నిండుగ కనపడుతున్నయి, తెర అంచుల్ల మచ్చ లేదు. లోపల ఫొటోల సెల్లు కారిన జాడ లేదు గానీ అలారం మోగుతలేదు, మీరు చెప్పిన స్ప్రింగు ఉండాల్సిన చోట ఖాళీగ ఉన్నది. బెజెల్, అలారం రెండు చూపిచ్చి మాట్లాడితే ఎనిమిది వేలకు ఒప్పుకున్నడు. మాస్టారు గారూ, మీరు చెప్పింది గూడ ఆలోచించిన, 5000ఆర్ గూడ చూసిన, అది మస్తు ఉన్నది గానీ నా బడ్జెట్‌ల లేదు. తీసుకుంటున్న.

కాకినాడ_గాలి:
ఎనిమిదికి ఆ తెర, ఆ మూత అంటే బాగానే కుదిరిందండి. బెజెల్ తీసేటప్పుడు లాగకండి, పక్కనున్న చిన్న స్క్రూలు ముందు తీయాలి. తుప్పు పట్టి ఉంటే ఒక చుక్క నూనె వేసి రాత్రంతా వదిలేసి పొద్దున్న తిప్పండి, వాటి తలకాయలు అరిగాయంటే చాలా కష్టం.

సెల్లు_మార్చేవాణ్ణి:
వాచీ చేతికి రాగానే లోపలున్న సెల్లు తీసేయండి, ఎప్పటిదో తెలియదు. ఎంత సైజుదో దాని మీదే ఉంటది, మంచి కంపెనీది అదే నంబరుది తెచ్చుకోండి. వాషర్ కొత్తది వేసి సిలికాన్ గ్రీజు పల్చగా రాయించండి, మూత తిప్పేటప్పుడు వాషర్ మడత పడకుండా చూడమనండి. స్ప్రింగు చచ్చిన కాసియో దేంట్లోదైనా ఎత్తు సరిపోతే పెట్టొచ్చు, వరంగల్‌లో పాత రిపేరు షాపు ఏదైనా డబ్బాలో వెతికితే దొరుకుద్ది. ఏసీ కలిపించి, అలారం ఒకసారి మోగిందా లేదా మీరు విన్నాకే రిపేరు షాపాయనకి డబ్బులివ్వండి.