జేఎస్‌కే: మూడక్షరాలకు ఎన్ని విస్తరణలు?

మొన్న గుంపులో పొడి అక్షరాల మీద చర్చ నడిచింది కదా. సినారె, తెదేపా లాంటివాటిని విడదీసి చదవాలా, ఒక్క పేరుగానే చూడాలా అని. దానికి కొనసాగింపుగా అల్జీరియా నుంచి ఒక ఉదాహరణ పెడుతున్నాను. అదొక ఫుట్‌బాల్ క్లబ్బు పేరు, జేఎస్‌కే. ఆ మూడక్షరాల వెనక ఏ మాటలుండాలన్న దాని మీద ప్రభుత్వానికీ అభిమానులకీ మధ్య ఏళ్ల తరబడి లాగులాట సాగింది.

క్లబ్బు ఊరు తీజీ ఉజూ. రాజధాని అల్జీర్స్‌కు తూర్పున, జుర్జురా కొండల దాపున ఉంటుంది. అక్కడి భాషలో తీజీ అంటే కనుమ, ఉజూ అంటే పసుపు పూలు పూసే ఒక ముళ్లపొద. క్లబ్బు 1946లో, ఫ్రెంచివాళ్ల పాలనలో పుట్టింది. పూర్తి పేరు ఫ్రెంచిలో 'జనెస్ స్పోర్తీవ్ ద కబీలీ'. కబీలీ ప్రాంతపు క్రీడా యువజన సంఘం అనుకోండి. చొక్కాలు పసుపు, ఆకుపచ్చ రంగులు కాబట్టి ఆటగాళ్లను ముద్దుగా 'కనారీలు' అంటారు, అంటే కేనరీ పిట్టలు.

కబీలీ అన్న మాట అరబ్బీ 'కబీలా' నుంచి వచ్చింది. తెగ అని అర్థం, బహువచనం 'కబాయిల్'. హిందీ, ఉర్దూల్లో వినే కబీలా ఇదే. (మన కబేళా వేరు, కలపకండి.) బయటివాళ్లు పెట్టిన పేరే అయినా కబీల్ జనం దాన్ని సొంతం చేసుకున్నారు, తమ భాషను తఖ్బైలిత్ అంటారు. ఉత్తర ఆఫ్రికా అంతటా ఉన్న తమ విశాల జాతికి మాత్రం 'ఇమజిఘెన్' అన్న మాట వాడతారు, బయటివాళ్లు బెర్బర్లు అనేది వీళ్లనే.

1962లో స్వాతంత్ర్యం వచ్చాక కొత్త ప్రభుత్వం దేశానికంతటికీ అరబ్బీ ఒక్కటే భాష అంది. కొండప్రాంతం పేరు మోసే క్లబ్బు, పైగా 1973లో మొదటిసారి దేశ ఛాంపియన్ అయిన క్లబ్బు, పాలకులకు కంట్లో నలుసైంది. అందుకని 70లలో పేరును అరబ్బీలోకి మార్చారు: 'జమియత్ సరీ కౌకబీ'. జమియత్ అంటే సంఘమని మనకూ తెలుసు. సరీ అంటే వేగం, కౌకబ్ అంటే గ్రహమో నక్షత్రమో. కలిపి చదివితే అర్థం ఏదోలా ఉంటుంది. యమకం కుదరాలని పద్యంలో సంబంధం లేని మాట ఇరికించినట్టు, జే, ఎస్, కే అక్షరాలు నిలవాలని ఏరిన మాటలివి. అంటే ఆ అక్షరాలను ముట్టుకునే ధైర్యం అప్పటికి ప్రభుత్వానికి కూడా లేదన్నమాట!

తర్వాత ఆ ధైర్యమూ వచ్చింది. 1977 జూన్‌లో అల్జీర్స్‌లో కప్పు ఫైనల్ జరిగింది. అధ్యక్షుడు బూమెదియన్ ఎదుటే కబీల్ అభిమానులు ఇమజిఘెన్ నినాదాలు చేశారు. జేఎస్‌కే 2-1తో హుసేన్ దే క్లబ్బును ఓడించింది. ఆ ఏడు లీగూ వాళ్లదే. అదే ఏడాది పేరు 'జనెస్ ఎలెక్త్రోనిక్ ద తీజీ ఉజూ'గా మారింది. పొట్టిగా జేఈటీ. కబీలీ మాట అంతకుముందే పోయింది, ఇప్పుడు దాన్ని గుర్తుచేసే కే అక్షరమూ పోయింది.

ఇక్కడి నుంచి అభిమానులు అందుకున్నారు. జేఈటీ అంటే 'జుగుర్తా ఎగ్జిస్త్ తుజూర్' అన్నారు, జుగుర్తా ఇంకా ఉన్నాడు అని. జుగుర్తా రోముతో పోరాడిన నుమిడియా రాజు, నుమిడియా అంటే ఉత్తర ఆఫ్రికాలోని ప్రాచీన రాజ్యం. క్రీ.పూ. 105లో పట్టుబడి రోము చెరలో చచ్చిపోయాడు. పాత అక్షరాలకూ ఇలాగే సొంత విస్తరణ చెప్పుకున్నారు: జేఎస్‌కే అంటే 'ఝ స్వీ కబీల్', నేను కబీల్‌ని. క్రీడాసంఘం పేరు ఉత్తమ పురుషలో వాక్యమైపోయింది. నాకు ఇదే అన్నిటికంటే ముచ్చటేసింది.

వ్యాఖ్య: ఎలక్ట్రానిక్ ఏమిటండీ మధ్యలో? ఫైనల్లో గొడవ చేసినందుకు శిక్షా?

జవాబు: అభిమానులు శిక్షగానే తీసుకున్నారు. కానీ ఆ ఏడాది వచ్చిన క్రీడా సంస్కరణ పెద్ద క్లబ్బులన్నిటినీ ప్రభుత్వ కంపెనీలకు అప్పగించింది. మూలుదియా క్లబ్బు చమురు కంపెనీ సోనాత్రాక్ చేతికెళ్లి పేరులో పెట్రోలు చేర్చుకుంది. యూఎస్ఎం అల్జీర్ కరెంటు కంపెనీ కిందికెళ్లి యూఎస్‌కే అల్జీర్ అయింది. అక్కడ కే అంటే కహ్రబా, విద్యుత్తు. తీజీ ఉజూకు దక్కింది విద్యుత్, ఎలక్ట్రానిక్ సామాన్లు చేసే సోనెలెక్. అంటే వేటు అందరికీ పడింది, కాకపోతే దెబ్బ ఒకే తీరుగా తగల్లేదు. రాజధాని క్లబ్బు పేరులో అల్జీర్ అలాగే ఉంది. వీళ్లకు ఊరు మిగిలింది కానీ కబీలీని గుర్తుచేసే అక్షరం కూడా పోయింది.

వ్యాఖ్య: పేరు పోయాక ఆట కూడా తగ్గిందా?

జవాబు: ఎక్కడిది! క్లబ్బుకు మంచి రోజులే అవి. మహియెద్దీన్ ఖలేఫ్, పోలండ్ కోచ్ స్తెఫాన్ జివోత్కో ఇద్దరూ కలిసి జట్టును నడిపారు. 1981లో ఆఫ్రికా ఛాంపియన్ల కప్పు ఫైనల్లో కిన్షాసా జట్టు వీటా క్లబ్బును సొంతగడ్డ మీద 4-0తో, అక్కడికెళ్లి 1-0తో ఓడించారు. 1982 వరల్డ్ కప్‌లో పశ్చిమ జర్మనీని 2-1తో కంగు తినిపించిన అల్జీరియా కెప్టెన్ అలీ ఫెర్గానీ జేఈటీ ఆటగాడే. రికార్డుల్లో మాత్రం 1981 ఆఫ్రికా కప్పు ఎదుట ఎలక్ట్రానిక్ పేరే ఉంటుంది. 80ల చివర్లో కంపెనీలు తప్పుకున్నాక పాత పేరు తిరిగొచ్చింది. 1990లో అదే ఆఫ్రికా కప్పు మళ్లీ గెలిచారు, ఈసారి జేఎస్‌కేగా, జాంబియా క్లబ్బు ఎన్కానాను పెనాల్టీల్లో ఓడించి.

వ్యాఖ్య: దీన్ని శ్లేష అనొచ్చా మాస్టారూ?

జవాబు: అనలేం. శ్లేషలో మాట ఒకటే ఉండి రెండర్థాలిస్తుంది. ద్వ్యర్థి కావ్యాల్లో విరుపు మారిస్తే కథే మారిపోతుంది. అయినా అక్కడ మాటలు కళ్లెదుట ఉంటాయి. ఇక్కడ కనబడేది మొదటి అక్షరాలే, మాటలు చదివేవాడి మనసులో ఉన్నాయి. పోలీసులు పట్టుకోడానికి కూడా ఏమీ దొరకదు, ఎందుకంటే అరిచింది సర్కారు ఇచ్చిన పేరే! 1980 మార్చిలో అదే ఊళ్లో ప్రాచీన కబీల్ కవిత్వం మీద రచయిత మూలూద్ మమ్మెరి ఉపన్యాసాన్ని అధికారులు ఆపించారు. దాన్నుంచే 'బెర్బర్ వసంతం' అనే ఉద్యమం లేచింది. ఉపన్యాసాన్ని ఆపగలిగారు, స్టేడియంలో మూడక్షరాలను ఎలా ఆపుతారు? ఇమజిఘెన్ల భాష తమజిఘ్త్‌కు జాతీయ హోదా 2002లో, అధికార హోదా 2016లో వచ్చాయి.

వ్యాఖ్య: తెలుగులో ఎలా రాద్దాం? ఫ్రెంచిలో జీ ఎస్ కా అంటారు కదా.

జవాబు: జేఎస్‌కే అనే రాయండి, మనం అక్షరాలను ఇంగ్లిష్ పేర్లతోనే పలుకుతాం కాబట్టి ఇబ్బంది లేదు. అనువదించి 'కబీలీ క్రీడా యువజన సంఘం' అని రాస్తే మాత్రం ఆ వాక్యాలేవీ అందులో పట్టవు. ఊరి పేరు దగ్గర ఒక్క జాగ్రత్త: ఫ్రెంచి స్పెల్లింగులో 'ఓ యూ' కలిసి వస్తే ఉకారం. ఇంగ్లిష్ చూసి 'టిజి ఔజౌ' అని రాసేస్తున్నారు కొందరు, అలా పలికితే అక్కడివాళ్లు తమ ఊరేనని గుర్తుపట్టరు.