కరువు ఏడాదిలో కోరింగకు పక్షుల కోసం వెళ్లొచ్చా?

సంక్రాంతి తర్వాత మా అమలాపురం వాళ్లం, పిల్లలతో కలిపి ఒక మినీ బస్సు నిండా, కోరింగ మడ అడవులకు వెళ్దామనుకుంటున్నాం. ఈసారి వానల్లేవు. దాళ్వాకు (రబీ వరికి) వంతులవారీగా నీళ్లిస్తున్నారు, ఊరి చెరువులు నెర్రెలిచ్చాయి. ధవళేశ్వరం నుంచి వచ్చే మంచినీరు తగ్గితే పాయల్లో ఉప్పదనం పెరుగుతుంది కదా. ఉల్లంకులు (నీటి ఒడ్డున తిరిగే పొడుగు ముక్కు పక్షులు) బురద మేటల్లో పురుగులు ఏరుకుంటాయి కాబట్టి వాటికి ఆటుపోట్లు చాలు. టెన్షన్ అంతా బాతుల గురించే. చెరువులు ఎండితే అవి ఎటు పోతాయి? కాకినాడ తీరంలో కుంభాభిషేకం అనే చోటు వైపు చూడటం మేలా, కోరింగ చెక్క వంతెన మీద నడవటం మేలా? పోటు ఎక్కేటప్పుడు పక్షులు ఒడ్డుకు జరుగుతాయి, మరి ఎంత ముందుగా చేరాలి? పెద్దనాన్నకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు. ఈ మధ్య వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ప్లీజ్.