7,20,720కి ‘ప్రధాన కారణాంకాలు’ ఎన్ని?

ప్రశ్న: ఈ లెక్కకు ఒకరు 6 అన్నారు, ఒకరు 10 అన్నారు, ఇంకొకరు 240 అన్నారు. తేడా లెక్కలో ఉందా, మాటలో ఉందా?

— మాటలోనే. ముందు సంఖ్యను విడగొట్టండి. 720ని పక్కపక్కన రెండుసార్లు రాస్తే వచ్చిన సంఖ్య ఇది, కాబట్టి 720 × 1001. 720 అంటే 2⁴ × 3² × 5. 1001 అంటే 7 × 11 × 13. వేర్వేరు ప్రధాన సంఖ్యలు 2, 3, 5, 7, 11, 13: ఆరు. 2ని నాలుగుసార్లు, 3ని రెండుసార్లు లెక్కేస్తే పది. 240 మాత్రం వేరే ప్రశ్నకు జవాబు. 1నీ, ఆ సంఖ్యనీ కలుపుకొని మొత్తం కారణాంకాలు అన్ని. ప్రశ్నలో ‘విభిన్న’ అని ఒక్క మాట చేర్చి ఉంటే 6 తప్ప ఇంకోటి రాదు.

— 240 ఎలా వచ్చింది?

— ఘాతాంకాలకు ఒక్కొక్కటి కలిపి గుణించాలి: 5 × 3 × 2 × 2 × 2 × 2. ఏదైనా కారణాంకంలో 2 అసలు లేకపోవచ్చు, లేదా ఒకటి నుంచి నాలుగుసార్ల దాకా ఉండొచ్చు. అంటే అయిదు దారులు. ఆ ‘లేకపోవడాన్ని’ మరిచిపోతే 4 × 2 × 1 × 1 × 1 × 1 = 8 దగ్గరే ఆగిపోతారు. ఇక్కడా మాట జాగ్రత్త: 2⁴లో ఘాతాంకం 4, ఘాతం 16. ‘ఘాతానికి ఒకటి కలపండి’ అని రాస్తే 5కు బదులు 17 వచ్చి కూర్చుంటుంది.

— అసలు ‘ప్రధాన’ అన్నదే తంటా. ముఖ్యమైనది అనుకొని ‘ప్రధాన కారణాంకం 720’ అని రాసేస్తారు. ‘అభాజ్య’ (భాగించలేనిది) అంటే ఆ చిక్కు ఉండదు కదా?

— ఉండదు, ఇంకోటి వస్తుంది: ‘7ని 7తో భాగించొచ్చుగా, అభాజ్యం ఎలా అయింది?’ అని పేచీ. నా ఓటు ‘ప్రధాన సంఖ్య’కే, కారణాంకం పక్కన వచ్చినప్పుడు మాత్రం విడమరచాలి.

— గుణిజం (గుణిస్తే వచ్చేది), గుణకం (గుణించేది) కూడా కలిపేస్తున్నారు. క.సా.గు. (కనిష్ట సామాన్య గుణిజం)లో ‘గు’ గుణిజమే. చివరి ‘జ’ని జలజంలో లాగా ‘పుట్టినది’ అని చదువుకుంటే గుర్తుంటుంది. 1 నుంచి 16 వరకు అన్ని సంఖ్యల క.సా.గు. 7,20,720. అన్నిటినీ వరసగా గుణించేస్తే గుణిజం వస్తుంది గానీ ‘కనిష్టం’ పోతుంది. ఒక్కో ప్రధాన సంఖ్యకు అన్నిటికంటే పెద్ద ఘాతాన్నే తీసుకోవాలి: 2కు 16, 3కు 9, మిగతావి ఒక్కోసారి. 17 దగ్గర ఆట ఆగుతుంది, దానితో భాగిస్తే శేషం 5.

— శీర్షికలో ‘కి’ సరైనదేనా, ‘కు’ కదా?

— అంకెను కాదు, పలికే చివరి మాటను చూడండి. ఏడు లక్షల ఇరవై వేల ఏడు వందల ఇరవైకి, వెయ్యిన్నొకటికి, కానీ పదహారుకు.