‘డై అవుట్’, ‘డై ఆఫ్’: ఎక్కడ ఏది వాడాలి?

ప్రశ్న:
‘చలికి తేనెటీగలు చాలా చచ్చిపోయాయి, కానీ ఆ జాతి అంతరించలేదు’ అని ఇంగ్లిష్‌లో రాయాలి. డై అవుట్, డై ఆఫ్ రెండూ నిఘంటువులో ఇంచుమించు ఒకేలా కనిపిస్తున్నాయి. రెండు చోట్లా డై అవుట్ వాడొచ్చా? ‘వాజ్ డైడ్ అవుట్’ అనడం సరైనదేనా?

జవాబు 1:
రెండు చోట్లా అదే పెడితే మీ వాక్యం తనను తానే కొట్టేసుకుంటుందండీ. ‘మెనీ బీస్ డైడ్ ఆఫ్ ఇన్ ద కోల్డ్, బట్ ద స్పీషీస్ డిడ్ నాట్ డై అవుట్’ అనండి. డై ఆఫ్ అంటే మన ‘పిట్టల్లా రాలిపోవడం’. సంఖ్య పడిపోతుంది, కొన్ని మిగలొచ్చు. డై అవుట్ అంటే ఒక్కటీ మిగల్లేదని. ‘ఆర్ డైయింగ్ అవుట్’ అంటే మాత్రం ఇంకా కొన్ని ఉన్నట్టే.

‘వాజ్ డైడ్ అవుట్’ తప్పు. డై అకర్మక క్రియ, కర్మ లేనిదే కర్మణి ప్రయోగం పుట్టదు. ‘వాజ్ ఎక్స్‌టింక్ట్’లో ఎక్స్‌టింక్ట్ విశేషణం కాబట్టి వాజ్ నప్పింది. ఆ అలవాటే ఇక్కడికీ పాకుతుంది. ఎవరివల్ల పోయాయో చెప్పాలంటే క్రియే మారాలి: వైప్ అవుట్, కిల్ ఆఫ్. డచ్చి నావికులు 1598లో మారిషస్‌లో దిగాక నూరేళ్లు తిరక్కుండానే అక్కడి డోడో పక్షి జాతి పోయింది. ‘ద డోడో డైడ్ అవుట్’ అంటే పోయిందన్న సంగతి ఒక్కటే తెలుస్తుంది. ‘వాజ్ వైప్డ్ అవుట్’ అంటే ఎవరో, ఏదో తుడిచిపెట్టినట్టు.

జవాబు 2:
పై జవాబుకు ఒక చేర్పు. ఒక్క ప్రాణికి డై అవుట్ రాదు. చిట్టచివరి ప్యాసింజర్ పావురం మార్తా 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జూలో చనిపోయింది. దానికి ‘మార్తా డైడ్’ చాలు, డైడ్ అవుట్ అయ్యేది జాతి. సంవత్సరం చెప్పాక ‘హావ్ డైడ్ అవుట్ ఇన్ 1914’ అనకూడదు, ఉత్త ‘డైడ్ అవుట్’ అనాలి. భాషలకూ ఆచారాలకూ వంశాలకూ కూడా డై అవుట్ అనే వాడతారు. గాలి, మంట, గొడవ తగ్గితే డై డౌన్. శబ్దం దూరమై వినపడకుండా పోతే డై అవే.

స్పెల్లింగ్‌లో జారేది ‘డైయింగ్’ దగ్గర: డి-వై-ఐ-ఎన్-జి. మధ్యలో ఇ చేరిస్తే బట్టలకు రంగు అద్దడం అవుతుంది! అలాగే ‘డైడ్ ఆఫ్ కలరా’లో ఆఫ్‌కు ఒకే ఎఫ్, అది రోగ కారణం. రాలిపోవడానికి రెండు ఎఫ్‌లు.

జవాబు 3:
‘ఒక్కటీ మిగల్లేదని’ అన్నదానికి చిన్న సవరణ: ఎక్కడ అన్నది కూడా చూడాలి. ఉన్ని మామత్‌లు (ఒళ్లంతా బొచ్చున్న పాతకాలపు ఏనుగు జాతి) ప్రధాన భూభాగంలో అంతరించాక కూడా ఆర్కిటిక్ సముద్రంలోని రాంగెల్ దీవిలో సుమారు 4,000 ఏళ్ల క్రితం దాకా బతికాయి. కాబట్టి ‘డైడ్ అవుట్ ఆన్ ద మెయిన్‌లాండ్’ అనడంలో తప్పేమీ లేదు. చోటు చెప్పకుండా వదిలేస్తేనే లోకంలో ఎక్కడా లేదని అర్థం.