సైనిక చట్టంలో లైంగిక వేధింపుకు విడిగా పేరు ఉండాలా?

బరంపురం నుంచి:
మా అక్క కూతురు సైన్యంలో పనిచేస్తోంది. పై ఉద్యోగి ఒకరు రాత్రి పదకొండు దాటాక పంపుతూ వచ్చిన సందేశాలన్నిటినీ అచ్చు తీయించి, తేదీలు వేసి, ఫిర్యాదుకు జతచేసింది. అభియోగం మాత్రం 1950 సైనిక చట్టం 63వ సెక్షను కింద, సైనిక క్రమశిక్షణకు భంగం కలిగించిన చర్యగా నమోదైంది. ఆ రాత్రి ఫోనులో, “మామయ్యా, దెబ్బ తగిలింది క్రమశిక్షణకట, నేను సాక్షినట” అన్నది. ఆ నేరాన్ని దాని పేరుతోనే చట్టంలో రాయాలని నేను గట్టిగా కోరుతున్నాను.

పర్లాకిమిడి నుంచి, విశ్రాంత సుబేదారు:
బాబూ, అమ్మాయి బాధ నాకు అర్థమైంది, కానీ మీ కోరికతో ఏకీభవించలేను. 63వ సెక్షనుకూ, అసభ్య ప్రవర్తనను శిక్షించే 46వ సెక్షనుకూ ఏడేళ్ల వరకు జైలు ఉంది. లైంగిక వేధింపును పేరు పెట్టి శిక్షించే భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షనులో గరిష్ఠం మూడేళ్లే. పేరు పెట్టి నిర్వచిస్తే, ఆ నిర్వచనంలో సందు వెతుక్కుని తప్పించుకునేవారు బయలుదేరతారు.

రాయగడ నుంచి, న్యాయవాది:
పేరుకు దారి ఇప్పటికే ఉంది. సైనిక చట్టం 69వ సెక్షను ద్వారా న్యాయ సంహితలోని నేరాన్నే కోర్టు మార్షల్‌లో, అంటే సైనిక న్యాయస్థానంలో, మోపవచ్చు. అయితే కేసు కోర్టు మార్షల్‌కు వెళ్లాలా, మామూలు క్రిమినల్ కోర్టుకు వెళ్లాలా అన్నది 125వ సెక్షను ప్రకారం డివిజను, స్వతంత్ర బ్రిగేడు వంటి దళాల కమాండరు నిర్ణయిస్తారు. నా దృష్టిలో అసలు చిక్కు అక్కడే ఉంది. 2020లో అమెరికా సైనిక స్థావరం ఫోర్ట్ హుడ్‌లో వెనెస్సా గియెన్ అనే సైనికురాలి హత్య తరువాత రేగిన ఆందోళన ఫలితంగా, ఆ దేశం 2022 జనవరిలో లైంగిక వేధింపును తన సైనిక న్యాయ స్మృతి 134వ అధికరణం కింద పేరుపెట్టి చేర్చింది. అక్కడ కూడా క్రమశిక్షణకు భంగమో, సైన్యానికి అపకీర్తో కలిగిందని రుజువు చేయాల్సిందే. కానీ 2025 నుంచి జరిగిన ఘటనలలో, అధికారిక ఫిర్యాదు విచారణలో నిలబడితే, కేసు నడపాలా వద్దా అన్నది కమాండరు చేతిలో లేదు. ప్రత్యేక సైనిక ప్రాసిక్యూటర్లు నిర్ణయిస్తారు.

బరంపురం నుంచి:
అయితే నా కోరికకు ఇది కూడా చేరుస్తున్నాను. సుబేదారు గారూ, ఏడేళ్ల శిక్ష రాసి ఉన్నా, అభియోగం మోపేదీ, ఏ సెక్షనో ఎంచేదీ పై అధికారులే అయినప్పుడు, సందేశాలు పంపిన వ్యక్తి కింద రోజూ హాజరు వేయించుకునే పిల్ల ఏ ధైర్యంతో నోరు విప్పుతుంది?

పర్లాకిమిడి నుంచి:
కమాండరు చేతిలోని అధికారం తీసేస్తే యూనిట్ నిలవదన్నదే నా మాట. ఫిర్యాదు చేసిన ఆడపిల్లను సాక్షిగా మాత్రమే నిలబెట్టడం తప్పేనని మాత్రం ఒప్పుకుంటున్నాను.