అప్‌డేట్: తోట షెడ్డు సోలార్ బ్యాటరీలు మార్చాలా, ఇంకా లాగొచ్చా

కరెంటు లైన్ లేని తోటలో రెండు 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీలు, అంటే లెడ్ యాసిడ్ రకమే, సిరీస్‌లో ఉన్నాయి, ఫ్యాన్లు తెల్లారేదాకా రావట్లేదు, ఏం చేయాలి అని అడిగా కదా, మీరు చెప్పిన టెస్టులన్నీ చేశానండి.

వోల్టేజ్ ఒక్కటే చూస్తే ఏం తెలీదు, ఫుల్ చార్జ్ అయ్యి రెస్ట్ ఇచ్చాక రెండూ దాదాపు 12.5 దగ్గరే చూపించాయి. యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ పెడితే అసలు సంగతి బయటపడింది, ఒకదాంట్లో అన్ని సెల్స్ 1240, రెండోదాంట్లో ఒక సెల్ 1190, ఈక్వలైజ్ చార్జ్ (సెల్స్ అన్నీ సమానం కావడానికి కావాలని ఇచ్చే ఎక్కువ చార్జ్) పెట్టినా పైకి రాలేదు. తర్వాత 15 ఆంప్స్ లోడ్ పెట్టి విడివిడిగా 10.8 వోల్టుల దాకా దింపా, 150 ఏహెచ్ కాబట్టి పది గంటలు రావాలి, మంచిది 8 గంటలు పైనే ఇచ్చింది, రెండోది 5 గంటలకే చేతులెత్తేసింది అంటే సగం కెపాసిటీ. మామూలుగా 80 శాతం కిందకి పడితే లైఫ్ అయిపోయినట్టే లెక్క.

ఇంకోటి, వేడి. పది డిగ్రీలు పెరిగితే లెడ్ యాసిడ్ ఆయుష్షు దాదాపు సగమవుతుందంట, మావి రేకుల కిందే ఉన్నాయి మరి.

పాతదానికి కొత్తది సిరీస్‌లో కలపడం నాకిష్టం లేదు, అందుకే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి వెళ్తున్నా. మంచిది వాచ్‌మన్ గది లైట్లకి పెట్టేస్తా. కొనేవాళ్ళు మాత్రం సైకిల్స్ (చార్జ్ అయ్యి దిగడం ఒక సైకిల్) ఎన్ని అని కాదు, ఎంత లోతు డిశ్చార్జ్‌కి, ఎంత టెంపరేచర్‌లో అని గట్టిగా అడగండి. ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్ళే చార్జింగ్‌ని అదుపు చేసే చార్జ్ కంట్రోలర్‌లో లిథియం సెట్టింగ్ ఉందో లేదో కూడా ముందే చూసుకోండి.